లో వోల్టేజీని తట్టుకునే ఎల్ఈడీ బల్బు డిమ్మర్ మీద ఎందుకు కొట్టుకుంటుంది?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఈ మధ్య కట్టిన ఇంటి హాల్లోకి వెళ్లి తల ఎత్తితే పీవోపీ సీలింగ్, అందులో ఆరో ఎనిమిదో గుండ్రటి ఎల్ఈడీ లైట్లు కనిపిస్తాయి. స్విచ్ బోర్డులో ఫ్యాన్ రెగ్యులేటర్ పక్కనే ఇంకో నాబ్, లైట్ల డిమ్మర్. గృహప్రవేశం నాడు అన్నీ ఫుల్‌లో వెలుగుతాయి కాబట్టి ఏ ఇబ్బందీ ఉండదు. తర్వాతెప్పుడో సినిమా చూద్దామని నాబ్ కాస్త తగ్గిస్తే లైట్లు కొట్టుకోవడం మొదలవుతుంది. బల్బు మారుస్తారు, కంపెనీ మారుస్తారు. అయినా కొట్టుకుంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే వోల్టేజ్ ప్రాబ్లం అంటాడు, లైన్‌మన్‌ను అడిగితే మీ ఇంటి వైరింగే అంటాడు. దుకాణంలో మాత్రం "డిమ్మబుల్ అయినా కాకున్నా ఎల్ఈడీయే కదన్నా, ఏదైతేంది" అని అంతకుముందు అమ్మిన బల్బే మళ్లీ చేతిలో పెడతారు.

చాలా ఇళ్లలో ఇందులో ఏదీ పాడై ఉండదు. డిమ్మర్ తన పని తాను చేస్తుంటుంది, బల్బు తన పని తాను చేస్తుంటుంది, ఆ రెండు పనులే ఒకదానికొకటి అడ్డు. ఇంకా చెప్పాలంటే, మన ఊళ్లలో ఉండే లో వోల్టేజీని తట్టుకోవడానికి బల్బులో పెట్టిన మంచి గుణమే డిమ్మర్ దగ్గర దానికి అడ్డం తిరుగుతుంది.

డిమ్మర్ వోల్టేజీని తగ్గిస్తుందని చాలామంది అనుకుంటారు. ఇళ్లలో ఉండే మామూలు డిమ్మర్ అలా చేయదు. అది కరెంటును కోస్తుంది. నాగార్జునసాగర్ టర్బైన్ల నుంచి వచ్చినా, దామరచర్ల దగ్గరి యాదాద్రి థర్మల్ కేంద్రం నుంచి వచ్చినా, ఇంటికి చేరే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, అంటే 100 సార్లు సున్నాను తాకుతుంది. ఒక్కో సగం ఊపుకు 10 మిల్లీసెకన్లు. డిమ్మర్ లోపల ట్రయాక్ అనే చిన్న భాగం ప్రతి సగం ఊపు మొదట్లో మూసుకుని ఉంటుంది. నాబ్ ఎక్కడుందో దాన్ని బట్టి రెండు మిల్లీసెకన్లకో ఆరు మిల్లీసెకన్లకో తెరుచుకుని, మిగిలిన కరెంటును వదిలి, సున్నాకు చేరేసరికి మళ్లీ మూసుకుంటుంది. నాబ్‌తో మనం మార్చేది ఈ ఆలస్యాన్నే. ఇంకాస్త లోపలికి వెళ్తే, నాబ్ తిప్పినప్పుడు మారేది ఒక రెసిస్టెన్స్. దాని గుండా ఒక చిన్న కెపాసిటర్, అంటే కరెంటును కాసేపు నిల్వ ఉంచుకునే భాగం, నిండుతుంది. అందులో వోల్టేజ్ ఇంచుమించు 30కి చేరగానే డయాక్ అనే ఇంకో భాగం ట్రయాక్‌ను తెరుస్తుంది. ఈ 30 వోల్టుల సంగతి గుర్తుంచుకోండి, సాయంత్రం వోల్టేజ్ దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

ఇదంతా పాత కరెంటు బుగ్గ కోసం చేసిన ఏర్పాటు. అందులో ఉండేది వేడెక్కి వెలిగే తీగ. కరెంటును ముక్కలు చేసి ఇచ్చినా దానికి పట్టదు, 10 మిల్లీసెకన్లలో అది చల్లారదు. తక్కువ కరెంటు అందితే తక్కువ వేడెక్కి, ఎర్రబడి, డిమ్‌గా వెలుగుతుంది. ఎన్నో ఏళ్లు డిమ్మర్లు ఏ గొడవా లేకుండా పనిచేయడానికి కారణం ఈ తీగ మొద్దుతనమే.

ఎల్ఈడీ బల్బులో తీగ లేదు, బదులుగా డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్ ఉంది. వచ్చిన ఏసీ కరెంటును డీసీగా మార్చి, కెపాసిటర్‌లో నిల్వ చేసుకుని, ఎల్ఈడీ చిప్‌లకు ఒకే మోతాదులో అందించడం దాని పని. నల్లా వచ్చిన గంటలో సంపు నింపుకుని రోజంతా అందులోంచి వాడుకునే ఇల్లు ఎలాగో, ఇదీ అలాగే. ప్రతి సగం ఊపులో వోల్టేజ్ బాగా పైకెక్కిన కాసేపే కరెంటు తీసుకుంటుంది, మిగతా సమయమంతా నిల్వతో నడిపిస్తుంది.

కొన్ని ఎల్ఈడీ బల్బుల పెట్టె మీద 100 నుంచి 300 వోల్టులు అని రాసి ఉంటుంది. అంటే లైన్‌లో వోల్టేజ్ 150కి పడిపోయినా వెలుగు తగ్గదని అర్థం. తక్కువ వోల్టేజీలో ఎక్కువ కరెంటు లాగి డ్రైవర్ లెక్క సరిచేస్తుంది. పల్లెల్లో ఒకప్పుడు సాయంత్రమైతే బుగ్గ నిప్పుకణికలా మారేది. ఆ బాధ తప్పించింది ఇలాంటి డ్రైవరే. ఇప్పుడు అదే బల్బును డిమ్మర్ మీద పెట్టామనుకోండి. డిమ్మర్ కరెంటును కోస్తుంది. అది మనం కావాలని చేసిన పని అని డ్రైవర్‌కు ఎలా తెలుస్తుంది? మళ్లీ లో వోల్టేజ్ వచ్చిందనుకుని తేడాను పూడ్చడానికి చూస్తుంది. కొంత దూరం వరకు పూడ్చేస్తుంది కూడా, అందుకే నాబ్ సగం తిప్పేదాకా వెలుగులో మార్పే కనిపించదు. ఆ తర్వాత పూడ్చడం దాని వల్ల కాదు. ఆగిపోతుంది, నిల్వ నిండగానే మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. మనకు కనిపించే కొట్టుకోవడంలో చాలాభాగం ఇదే.

డిమ్మబుల్ అని రాసి ఉన్న బల్బులో డ్రైవర్ వేరుగా ఉంటుంది. వచ్చిన కరెంటు ఎక్కడ కోతపడిందో గమనించి, ఆ మేరకు చిప్‌లకు వెళ్లే కరెంటును తానే తగ్గిస్తుంది. 2015 జనవరి 5న మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు పంచారు. ఆ బల్బులైనా, దుకాణంలో చవగ్గా దొరికే మామూలు 9 వాట్ల బల్బులైనా ఎక్కువ వెలుగు, తక్కువ యూనిట్లు అనే లెక్కతో చేసినవి. డిమ్మింగ్ వాటి పని కాదు. పెట్టె మీద డిమ్మబుల్ అన్న మాట లేకపోతే కాదనే అనుకోవాలి.

డిమ్మబుల్ బల్బులే కొన్నా లైట్లు కొట్టుకునే ఇళ్లు ఉన్నాయి. అక్కడ డిమ్మర్ వెనక ఉండే వాట్ల అంకె చూడాలి. ట్రయాక్ ఒకసారి తెరుచుకున్నాక తెరిచే ఉండాలంటే దాని గుండా కొంత కరెంటు పారుతూనే ఉండాలి. అది తగ్గితే సగంలోనే మూసుకుంటుంది. అందుకే చాలా డిమ్మర్లకు గరిష్ఠ లోడ్‌తో పాటు కనీస లోడ్ కూడా ఉంటుంది. 400 వాట్ల డిమ్మర్‌కు కనీసం 40 వాట్లో 60 వాట్లో కావాలంటారు. పాత రోజుల్లో ఆరు 60 వాట్ల బల్బులంటే 360 వాట్లు, ఏ చింతా లేదు. ఇప్పుడు ఆరు 5 వాట్ల సీలింగ్ లైట్లంటే 30 వాట్లే. అదీ కుదురుగా పారే కరెంటు కాదు, శిఖరం దగ్గర ఒక్కసారి లాగి వదిలేసే కరెంటు. పైగా మన బోర్డుల్లోని డిమ్మర్‌కు సాధారణంగా రెండే వైర్లు, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరు ఉండదు. దాని లోపలి కెపాసిటర్ నిండడానికి కావాల్సిన కాస్త కరెంటు కూడా బల్బు గుండానే పోవాలి. బల్బు తలుపు మూసుకుని కూర్చుంటే డిమ్మర్ లెక్క తప్పుతుంది, ఒక సగం ఊపు ముందు, ఒక సగం ఊపు ఆలస్యంగా కోస్తుంది. కంటికి అదీ కొట్టుకోవడమే.

ఈ అనుమానం తేల్చుకోవడానికి ఖరీదైన మీటరేమీ అక్కర్లేదు. డిమ్మర్ మీదున్న లైట్లలో ఒకటి హోల్డర్ లైటైతే, అందులో 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టి చూడండి. హోల్డర్లు లేని సీలింగ్ లైట్లయితే ఎలక్ట్రీషియన్ దగ్గర టెస్ట్ ల్యాంప్ ఉంటుంది, అదే లైన్‌కు కలపమనండి. మిగతా ఎల్ఈడీలు వెంటనే కుదుటపడ్డాయంటే బల్బుల తప్పు లేదు, లోడ్ చాలడం లేదు. నాకు తెలిసి ఇంత చవకగా, ఇంత కచ్చితంగా జవాబు చెప్పే పరీక్ష ఇంకోటి లేదు. అయినా దీన్ని చేసేవాళ్లు అరుదు, బల్బు మార్చడమే సులువు కదా. లోడ్ తక్కువని తేలితే తక్కువ వాట్లకు పనిచేసే, ఎల్ఈడీ కోసమే చేసిన డిమ్మర్ వేయాలి. వాటిలో ట్రెయిలింగ్ ఎడ్జ్ అనే రకం ఊపు మొదట్లో కాకుండా చివర్లో కోస్తుంది. కరెంటు సున్నా నుంచి నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి బల్బులోని కెపాసిటర్ మీద ఒక్కసారిగా దెబ్బ పడదు, సన్నటి జుయ్‌మనే చప్పుడు కూడా తగ్గుతుంది. ధర ఎక్కువే. కొన్ని డిమ్మర్లలో నాబ్ పీకితే లోపల చిన్న స్క్రూ ఉంటుంది, అతి తక్కువ వెలుగు ఎక్కడ ఆగాలో దాంతో సెట్ చేయొచ్చు. కొట్టుకోవడం నాబ్ చివరి కొసలోనే వస్తుంటే ఈ స్క్రూతోనే పని అయిపోతుంది.

లోడ్ తక్కువని 400 వాట్ల డిమ్మర్ మీద 400 వాట్ల ఎల్ఈడీలు పెట్టడమూ కుదరదు. ఆ అంకె ఫిలమెంట్ బల్బులది. ఎల్ఈడీకి కంపెనీలు వేరే అంకె ఇస్తాయి, అది చాలా తక్కువగా ఉంటుంది.

ఫ్యాన్ రెగ్యులేటర్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బోర్డులో ఒకటి ఖాళీగా ఉందని దానికే లైటు కలిపేసిన ఇళ్లున్నాయి. ఒకటి, రెండు, మూడు అని టకటకమని తిరిగే రెగ్యులేటర్లలో చాలావాటి లోపల ఉండేవి కెపాసిటర్లే, అవి ఫ్యాన్ మోటరుకు సరిపోయేలా లెక్కగట్టినవి. దాని మీద ఎల్ఈడీ వెలుగు పెద్దగా తగ్గదు, ఒక్కోసారి మినుకుమంటుంది. డ్రైవర్ తొందరగా పాడైనా ఆశ్చర్యం లేదు. విప్పి మామూలు స్విచ్‌కు మార్చడం తప్ప దీనికి వేరే మార్గం లేదు.

డిమ్మర్‌దా, లైన్‌దా?

మన జిల్లాల్లో ఈ ప్రశ్న తప్పదు. డిమ్మర్‌ను పక్కన పెట్టి అదే లైటును మామూలు స్విచ్ మీద వెలిగించి చూడాలి. ఎలక్ట్రీషియన్‌కు పది నిమిషాల పని. అప్పుడు కుదురుగా వెలిగితే గొడవ డిమ్మర్‌కూ బల్బుకూ మధ్యే. అప్పుడూ కొట్టుకుంటే వెతకాల్సింది వేరే చోట.

దేవరకొండ వైపైనా కల్వకుర్తి వైపైనా చాలాచోట్ల సేద్యం బోర్ల మీదే. ఇళ్లకూ బోర్లకూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చోట మోటరు ఆన్ అయిన ప్రతిసారీ లైటు ఒక్క క్షణం కుంగి లేస్తుంది. మామూలు స్టార్టర్ మీద మోటరు కదిలేటప్పుడు నడిచేటప్పటి కంటే ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది మరి. కరెంటు పోయి వచ్చినప్పుడు ఆటో స్టార్టర్లున్న మోటర్లన్నీ ఒకేసారి లేస్తే చెప్పనక్కర్లేదు. మిర్యాలగూడలో రైస్ మిల్లు పక్కనో, ఎక్కడైనా వెల్డింగ్ షాపు వెనకో ఉండేవాళ్లకు ఇది కొత్త కాదు. సెకనుకు 8, 9 సార్లు వచ్చే హెచ్చుతగ్గులను మన కన్ను అన్నిటికంటే తొందరగా పట్టేస్తుంది, కాబట్టి వెల్డింగ్ తాలూకు చిన్న తేడా కూడా చిరాకు పెడుతుంది. దీని గుర్తేమిటంటే ఇంట్లో లైట్లన్నీ కలిసి కుంగుతాయి, పక్కింట్లోనూ కుంగుతాయి. ఒక్క హాల్లోనే, అదీ నాబ్ తగ్గించినప్పుడే వస్తుంటే బోరు మోటరును తిట్టి లాభం లేదు.

రెండూ కలిసిన కేసు ఒకటుంది, అందరినీ తికమక పెట్టేది అదే. పొద్దున నాబ్ ఎక్కడుందో సాయంత్రమూ అక్కడే ఉంటుంది, కానీ లైటు సాయంత్రమే కొట్టుకుంటుంది. ఇందాకటి 30 వోల్టుల మాట గుర్తు తెచ్చుకోండి. లైన్‌లో 230 ఉన్నప్పుడు డిమ్మర్‌లోని కెపాసిటర్ సమయానికి 30కి చేరుతుంది. సాయంత్రం ఏడింటికి వీధంతా వాడకం పెరిగి వోల్టేజ్ 190కి దిగితే ఆలస్యంగా చేరుతుంది, నాబ్ బాగా తగ్గించి ఉంటే కొన్ని ఊపుల్లో అసలు చేరదు. ట్రయాక్ ఆ ఊపుల్లో తెరుచుకోదు. అంటే లో వోల్టేజ్ నిజమే, డిమ్మర్ నిజమే, ఎలక్ట్రీషియనూ లైన్‌మనూ ఇద్దరూ సగం సగం సరైన మాటే చెప్పారు. నాబ్ కాస్త పెంచి వాడుకోవడమో, కనీస వెలుగు స్క్రూను పైకి జరపడమో చేస్తే చాలు.

ఇన్వర్టర్ మీద మాత్రమే కొట్టుకునే లైట్లది ఇంకో కథ. చవక ఇన్వర్టర్లు ఇచ్చేది నున్నటి ఊపు కాదు, మెట్లు మెట్లుగా ఉండే స్క్వేర్ వేవ్. వోల్టేజ్ ఎప్పుడు ఎంత పెరుగుతుందన్న లెక్క మీద నడిచే డిమ్మర్‌కు అది అర్థం కాదు. నున్నటి ఊపునిచ్చే సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే ఈ తంటా ఉండదు. లేకపోతే డిమ్మర్ లైన్‌ను ఇన్వర్టర్ నుంచి తప్పించి, హాల్లో ఒక్క మామూలు లైటును దాని మీద ఉంచుకుంటే సరిపోతుంది.

స్విచ్ ఆఫ్ చేశాక కూడా చీకట్లో లీలగా వెలగడం, లేదా కొన్ని సెకన్లకోసారి మెరుపులా మెరవడం చూసి భయపడేవాళ్లున్నారు. స్విచ్‌లో ఎర్రగా వెలిగే ఇండికేటర్ ఉంటే దాని గుండా, ఎలక్ట్రానిక్ డిమ్మర్ ఉంటే దాని గుండా కొద్దిపాటి కరెంటు పోతూనే ఉంటుంది. ఒకే పైపులో పక్కపక్కనే పది మీటర్లు సాగిన వైర్ల మధ్య కూడా కాస్త కరెంటు దూకుతుంది. పాత బుగ్గకు అది లెక్కలోకి రాదు. ఎల్ఈడీ కెపాసిటర్ మాత్రం ఆ చుక్కల్నే పోగేసుకుని, నిండగానే ఒకసారి మెరుస్తుంది. ఇండికేటర్ తీయించినా, ఎలక్ట్రీషియన్‌తో లైటుకు సమాంతరంగా స్నబ్బర్ (ఆ కొద్దిపాటి కరెంటును పక్కకు మళ్లించే చిన్న భాగం) వేయించినా ఆగుతుంది. అయితే ముందు టెస్టర్‌తో హోల్డర్ దగ్గర చూడమనండి. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా టెస్టర్ గట్టిగా వెలిగితే స్విచ్‌ను ఫేజ్‌కు బదులు న్యూట్రల్‌లో పెట్టి ఉండొచ్చు. అదే నిజమైతే బల్బు మార్చేటప్పుడు షాక్ కొడుతుంది, వెంటనే సరిచేయించాలి.

సీలింగ్ అంచుల్లో దాచే స్ట్రిప్ లైట్ల గురించి ఒక్క మాట. 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచే స్ట్రిప్‌కు గోడ మీది డిమ్మర్ పనికిరాదు. అడాప్టర్ తర్వాత, అంటే 12 వోల్టుల వైపు, స్ట్రిప్‌ల కోసం విడిగా అమ్మే డిమ్మర్ పెట్టుకోవాలి. నేరుగా 230కి తగిలించే రోప్ స్ట్రిప్‌లలో చాలావాటికి నిల్వ కెపాసిటరే ఉండదు, సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతుంటాయి. కంటికి తెలియదు. ఫోన్ కెమెరాలో చూస్తే నల్లటి పట్టీలు జారుతూ కనిపిస్తాయి, లైటు కింద పెన్ను వేగంగా ఆడిస్తే పెన్ను ఒకటి కాదు నాలుగైదు కనిపిస్తాయి. బాగా చవకైన కొన్ని బల్బులదీ ఇదే తీరు. అలాంటి వెలుగులో ఎక్కువసేపు చదివితే కొందరికి తలనొప్పి వస్తుంది. పిల్లలు చదువుకునే టేబుల్ మీది లైటుకైనా ఈ పెన్ను పరీక్ష చేయండి.

ఇంకో రకం, పది పదిహేను నిమిషాలు బాగా వెలిగి ఆ తర్వాత ఆరుతూ వెలుగుతూ ఉండేది. అది వేడి. సీలింగ్‌లో గాలి ఆడక డ్రైవర్ తనను తాను ఆపుకుంటుంది, చల్లారితే మళ్లీ మొదలవుతుంది. డిమ్మర్‌తో సంబంధం లేదు, గాలి ఆడేలా చూడాలి, అయినా ఆగకపోతే బల్బు మార్చాలి.

వీటన్నిటికంటే వేరైనది ఒకటుంది, దాన్ని చూస్తే మాత్రం నాబ్‌లూ బల్బులూ వదిలేయాలి. త్రీఫేజ్ మీటరున్న ఇంట్లో ఒక గదిలో లైట్లు కళ్లు చెదిరేలా వెలిగి, అదే సమయంలో ఇంకో గదిలో మసకబారితే న్యూట్రల్ లూజ్ అయిందనో తెగిందనో అర్థం. అప్పుడు కొన్ని లైన్ల మీద వోల్టేజ్ 230 దాటి 400 దాకా ఎగబాకగలదు. టీవీ, ఫ్రిజ్ అన్నీ పోతాయి. మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. లోపం మీటరుకు అవతల ఉంటే 1912కు ఫోన్ చేయాలి. అలాగే డిమ్మర్ ప్లేటు తాకితే చేయి కాలేంత వేడిగా ఉన్నా, చిటచిటమన్నా, కాలిన వాసన వచ్చినా స్క్రూలు వదులై ఉండొచ్చు, వాడకం ఆపాలి. విప్పే ముందు నాబ్ ఆఫ్‌లో ఉంది కదా అనుకోవద్దు, ఆ లైన్ కరెంటును ఆపే ఎంసీబీ దించాలి.

అసలు ఇంట్లో డిమ్మర్ ఉండాలా? నా మటుకు నాకు చాలా హాళ్లలో అక్కర్లేదనిపిస్తుంది. కరెంటు ఆదా కోసమైతే లెక్క చూడండి. 9 వాట్ల బల్బు రోజుకు ఐదు గంటల చొప్పున నెలంతా వెలిగినా 1.35 యూనిట్లు. దాన్ని సగానికి తగ్గించి మిగిల్చేది ఒక్క యూనిట్ కూడా కాదు. వెలుగు తగ్గించుకోవడమే కావాలంటే ఎనిమిది సీలింగ్ లైట్లను ఒకే స్విచ్ మీద కాకుండా రెండు, ఆరుగా విడగొట్టి రెండు స్విచ్‌లు పెట్టిస్తే చాలు, ఏ బల్బైనా పనిచేస్తుంది, కొట్టుకోదు. డిమ్మరే కావాలనుకుంటే అన్నీ ఒకే కంపెనీ, ఒకే మోడల్ డిమ్మబుల్ లైట్లు కొనండి. అన్నిటికీ ముందు ఒక్కటి తెచ్చి, ఏ డిమ్మర్ వేస్తారో దాని మీద నాబ్ చివరిదాకా తగ్గించి చూడండి. మీది ఇంకా గోడలు కొట్టి పైపులు వేస్తున్న ఇల్లైతే, ప్రతి స్విచ్ బాక్సులోకి ఫేజ్‌తో పాటు ఒక న్యూట్రల్ వైరు కూడా లాగమని ఎలక్ట్రీషియన్‌కు ఇప్పుడే చెప్పండి. ప్లాస్టరింగ్ అయ్యాక ఆ వైరు లాగాలంటే మళ్లీ గోడ పగలగొట్టాల్సి వస్తుంది.